తాడు వెనక మరియమ్మ

మేం అమెరికాలో ఫ్రీమాంట్‌కి వచ్చిన మొదటి వేసవిలో, పక్క అపార్ట్‌మెంట్ సుజాత వాళ్లతో కలిసి, స్పెయిన్ వాళ్లు కట్టిన ఒక పాత క్రైస్తవ మఠానికి వెళ్లాం. ఇప్పుడది మ్యూజియం. గుంటూరు వైపు మాది తాతల నాటి నుంచి క్రైస్తవ కుటుంబం. చెప్పులు బయట వదిలి, తల మీద కొంగు కప్పుకున్నాకే చర్చిలోకి వెళ్తాం.

ఒక గదిలో తాడు కట్టి, దాని వెనక చెక్క మరియమ్మను నిలబెట్టారు. చూడగానే నాకు తెలియకుండానే గుమ్మం దగ్గర చెప్పులు విడిచాను. చున్నీ తల మీదకు లాక్కుని మోకరించాను.

గార్డు వచ్చాడు. "చెప్పులు వేసుకోండి మేడమ్. ఇది చర్చి కాదు. ఇక్కడ ప్రార్థనలు చేయకూడదు."

అందరూ నావైపే చూస్తున్నారు. మా అమ్మాయి సిగ్గుతో మొహం తిప్పుకుంది.

"లే అక్కా. వీసా మీద ఉన్నాం, మనకెందుకు గొడవ" అని సుజాత గొణిగింది.

నాకూ ఆ భయం లేకపోలేదు. అయినా లేవబుద్ధి కాలేదు.

"గది మీది, అమ్మ మాది. ప్రార్థన అయ్యాక లేస్తాను" అన్నాను ఇంగ్లీషులో.

అతను వాకీటాకీ తీశాడు. నేను కళ్లు మూసుకుని జపం పూర్తి చేశాను.

లేచి చూస్తే, గార్డుకీ నాకూ మధ్య సుజాత నిలబడి ఉంది, ఉత్త కాళ్లతో. రోజూ వినాయకుడికి దీపం పెట్టే మనిషి.

ఇద్దరినీ బయటికి పంపేశారు. గేటు దాటేదాకా చెప్పులు చేత్తో పట్టుకునే నడిచాం. మళ్లీ వెళ్లినా విప్పుతాను. తాడు కట్టినంత మాత్రాన అమ్మ బొమ్మయిపోదు.