ఇద్దరికీ కలిపి ఒక షెడ్డు

మే నెల వచ్చిందంటే కెనడాలోని మా సస్కటూన్‌లో హార్డ్‌వేర్ దుకాణాల పార్కింగ్ స్థలంలో సగం కార్లకు మిగలదు. మట్టి సంచులు, పూలకుండీలు, వాటి వెనక తలుపులు బార్లా తెరిచిపెట్టిన చెక్క షెడ్లు వరసగా తీరి ఉంటాయి. మొన్న ఎరువు సంచి కోసం వెళ్ళి, ఎండకు వేడెక్కిన సీడర్ చెక్క వాసన తగలగానే తోపుడు బండిని దారికడ్డంగా ఆపేసి నిలబడిపోయాను. వెనక వస్తున్న పెద్దమనిషి "సారీ" అంటూ తనే పక్కకు తప్పుకుని వెళ్ళాడు. ఈ దేశంలో అడ్డం నిలబడింది మనమైనా సారీ చెప్పేది వాళ్ళే. ఆ వాసన వస్తే నాకు వసుంధర గారు గుర్తుకొస్తారు. మీలో ఎవరూ ఆవిణ్ణి చూసి ఉండరు. చూడకుండా ఉండిపోవడం మీకే నష్టం కాబట్టి, నాకు తెలిసినంత చెప్తాను.

వసుంధర గారు మత్తు డాక్టరు. తెనాలి దగ్గర పుట్టి, గుంటూరులో చదివి, ఇక్కడి ఆసుపత్రిలో జీవితమంతా ఆపరేషన్ల ముందు మనుషుల్ని నిద్రపుచ్చి రిటైరయ్యారు. భర్త పోయారు. కూతురు విన్నిపెగ్‌లో ఉంటుంది. నేనేమో వరంగల్ నుంచి శ్రీకాంత్‌ను పెళ్ళి చేసుకుని వచ్చినదాన్ని. అతనిది సాఫ్ట్‌వేర్. వృక్షశాస్త్రం చదివిన నాకు విత్తనాలు పరీక్షించే ఒక ల్యాబ్‌లో టెంపరరీ పని దొరికింది. తడి కాగితం మీద గింజలు పరిచి, ఏవి మొలిచాయో, ఏవి మొలవలేదో చూడటం నా పని. వినేవాళ్ళకు ఇందులో ఏముందనిపిస్తుంది కానీ, పొద్దున్నే మూత తీసి తెల్లటి మొలకలు చూస్తే నాకు ప్రాణం లేచొచ్చేది. ఆ సంగతి ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. నాకేం కావాలో చెప్పుకోవడం నాకు చేతకాదు. ఏ సినిమాకు వెళ్దామన్నా, ఏ రంగు కారు కొందామన్నా "నీ ఇష్టం" అనేదాన్ని. పెద్దవాళ్ళయితే "మీ ఇష్టం". ఆడపిల్ల నోట అంతకంటే మంచి మాట ఉండదని మా ఇంట్లో నేర్పారు. వసుంధర గారు పరిచయమైన వసంతంలో శ్రీకాంత్ పడమటి సముద్రతీరంలోని బర్నబీలో ఉద్యోగాలకు అప్లై చేయడం మొదలుపెట్టి, "పోదామా మరి?" అని అడిగినప్పుడు కూడా అదే అన్నాను. సరిగ్గా ఆ వారమే ల్యాబ్‌లో నన్ను పర్మనెంట్ చేసే ఆలోచన ఉందన్నారు. నాకు ఈ ఊరు వదలాలని లేదు. ఆ ముక్క మాత్రం పెదవి దాటలేదు.

అదే వసంతంలో మా ఇంటికి దగ్గర్లోని కమ్యూనిటీ గార్డెన్‌లో నాకొక మడి దొరికింది. ఏడాదికింతని కట్టి మనకు నచ్చినవి పండించుకోవచ్చు. పలుగూ పారా పెట్టుకోవడానికి పక్కపక్క మడులవాళ్ళిద్దరూ కలిసి ఒక్క చిన్న షెడ్డు వేసుకోవచ్చని కమిటీ నియమం. మొదటిరోజే తెల్ల జుట్టు, రబ్బరు బూట్లు, చీర మీద మగవాళ్ళ కోటు వేసుకున్న ఒకావిడ బురదలో నడుచుకుంటూ నా దగ్గరికి వచ్చారు.

"తెలుగమ్మాయివేనా? నీ పక్క మడి నాదే. మనిద్దరికీ కలిపి ఒక్క షెడ్డేనట. నీకెలాంటిది కావాలి?"

"మీ ఇష్టం, ఆంటీ."

"నా ఇష్టం నాకు తెలుసమ్మాయ్. నేనడిగింది నీది."

"నాకేదైనా పర్వాలేదండీ."

"అయితే ఓ గుంజ పాతి, దాన్నే షెడ్డు అనుకుందామా?"

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. శనివారం దుకాణానికి వెళ్దామని, ఈలోగా ఆలోచించుకు రమ్మని హోంవర్క్ ఇచ్చి వెళ్ళిపోయారు.

దుకాణంలో మూడు రకాల షెడ్లున్నాయి. రేకుది, ప్లాస్టిక్‌ది, చెక్కది. ఆవిడ ఒక్కొక్కదాని లోపలికీ వెళ్ళి తలుపు మూయించి, తీయించి, గోడలు తట్టి చూశారు. పెళ్ళిచూపుల్లో కూడా పిల్లను ఇంత పరీక్షగా చూడరేమో. అంతా అయ్యాక అమ్మకానికి పెట్టిన ఒక తోట కుర్చీని చెక్క షెడ్డులోకి ఈడ్చుకుని కూర్చుని, "ఇప్పుడు చెప్పు" అన్నారు. నేను "మీకేది నచ్చితే..." అని మొదలుపెట్టాను. ఆవిడ చెయ్యెత్తి ఆపారు.

"నేను చేసిన పనేమిటో తెలుసా నీకు? మత్తివ్వడం. ఇచ్చాక మనిషి ఏమీ చెప్పలేడు. అంచేత ముందే పక్కన కూర్చుని అడిగేదాన్ని, ఏమన్నా చెప్పాలా, ఏమన్నా కావాలా అని. ఎంత భయంలో ఉన్నవాళ్ళూ ఏదో ఒకటి చెప్పేవాళ్ళు. నువ్వు నిక్షేపంగా మెలకువగా ఉన్నావు. నీకేం రోగం? అడగనిదే అమ్మయినా పెట్టదు. నేను నీకు అమ్మను కూడా కాను."

దుకాణం కుర్రాడు రెండుసార్లు వచ్చి సాయం కావాలా అని అడిగి వెళ్ళాడు. ఆవిడ కదల్లేదు. నాకు ఒళ్ళు మండింది. ఈ ముసలావిడకు నేనేం బాకీ ఉన్నానని ఇక్కడ నిలబెట్టి వైవా చేస్తోంది అనుకున్నాను. ఆ మంటలోనే నోటివెంట వచ్చేసింది. "నాకు ఈ చెక్కదే కావాలి. కిటికీ ఉండాలి. వాకిలి తూర్పుకే ఉండాలి. నడుం నొప్పెట్టినప్పుడు గడపలో కూర్చుంటే పొద్దుటి ఎండ తగలాలి."

ఆవిడ మొహం వెలిగిపోయింది. "నాకు ప్లాస్టిక్‌ది నచ్చింది. రంగులెయ్యక్కర్లేదు. వాకిలి దారి వైపు, దక్షిణానికి ఉంటే మేలు. రా, ఇక పోట్లాడుకుందాం" అన్నారు. నిజంగానే పోట్లాడుకున్నాం. ఆవిడ మోకాళ్ళ కోసం గడప ఎత్తు తగ్గించడానికి నేను ఒప్పుకున్నాను, చెక్కకూ తూర్పు వాకిలికీ ఆవిడ ఒప్పుకున్నారు. ఎదురు చెప్తే పెద్దవాళ్ళకు కోపం వస్తుందని అన్నాళ్ళూ నమ్మినదాన్ని. ఆవిడ నాకు కాఫీ కొనిపెట్టి, తిరుగుదారంతా హుషారుగా కబుర్లు చెప్పారు.

వేసవంతా ఆ షెడ్డు చూసుకుని మురిసిపోయాం. అసలు సంగతి చలికాలంలో తేలింది. ఇక్కడ మంచుగాలి పడమటి నుంచి కొడుతుంది. గాలి తగిలే వైపు గోడను వదిలేసి, షెడ్డును దాటి వచ్చి అవతలి గోడ చాటున మంచును కుప్ప పోస్తుంది. అంటే సరిగ్గా మా తూర్పు వాకిలి ముందు. ఏప్రిల్‌లో వెళ్ళి చూస్తే అందరి షెడ్ల ముందూ నేల కనిపిస్తోంది. మా తలుపు మాత్రం సగం దాకా మంచులో కూరుకుని గడ్డకట్టి, బయటికి తెరుచుకోవలసింది అంగుళం కూడా కదలడం లేదు. పారలేమో లోపలున్నాయి. పక్కవాళ్ళను అడిగి తెచ్చుకున్నాం.

మంచు తవ్వుతూ నేను ఒకటే గొణుగుడు. "నా వల్లే, ఆంటీ. మీరు చెప్పినట్టు దక్షిణానికి పెట్టి ఉంటే సరిపోయేది. నేను నోరు మూసుకుని ఉండాల్సింది."

ఆవిడ పార మీద వాలి ఆయాసం తీర్చుకున్నారు. "తప్పే. తప్పు కాదని నేననను. దీని ఖరీదెంత? ఒక పూట చాకిరీ, ఈ రాత్రికి నా నడుం నొప్పి. దీనికేనా నువ్వు ఇన్నేళ్ళు భయపడింది?"

అవును, దీనికే. నేను ఒకటి కోరడం, అది బెడిసికొట్టడం, నలుగురూ నా వైపు చూడటం. "మీ ఇష్టం" అనేస్తే ఆ గొడవ ఉండదు. ఏం జరిగినా నా మీదికి రాదు. వినయం అనుకున్నదాంట్లో సగానికి పైగా ఈ భయమేనని ఆ మంచులో నిలబడి ఉండగా అర్థమైంది. శ్రీకాంత్‌కు బర్నబీ ఆఫర్ వచ్చి అప్పటికి నాలుగు రోజులు. శుక్రవారం లోపల జవాబు చెప్పాలి. ఆ సంగతీ, నాకు వెళ్ళాలని లేదన్న సంగతీ డాక్టరు గారికి చెప్పాను. "అయితే ఏం చేస్తావు?" అన్నారు. శ్రీకాంత్‌కు చెప్పమనలేదు, వద్దనలేదు. మళ్ళీ పార అందుకున్నారు.

ఆ సాయంత్రం అన్నం పెట్టి ఎదురుగా కూర్చుని చెప్పేశాను. "శ్రీకాంత్, నాకు బర్నబీ రావాలని లేదు. నాకు ఈ ల్యాబ్ ఇష్టం. ఈ ఊరు ఇష్టం."

అతను ముద్ద కంచంలో వదిలేశాడు. "ఇప్పుడు చెప్తున్నవా? ఆఫర్ చేతికొచ్చినంక?"

"నాకు చెప్పడం రాలేదు."

"ఏడాది సంది అడుగుతున్న గదా సరితా! అసలు నేను అప్లై చేసిందే నీ కోసం. మొదటి చలికాలం రోజూ ఏడ్చినవ్, ఈ చలిల బతకలేనన్నవ్. అక్కడైతే ఇంత మంచుండదు, నువ్వు సంతోషంగ ఉంటవనుకున్న. నాకిక్కడ ఏం తక్కువైంది? నా టీమంతా ఈడనే ఉండె."

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నా కోసమని అతను, అతని కోసమని నేను, ఇద్దరిలో ఎవరికీ అక్కర్లేని ఊరికి సామాను సర్దబోయాం. నాకు నవ్వు, ఏడుపు ఒకేసారి వచ్చాయి. అతనికి మాత్రం చాలా కోపం వచ్చింది. రెండు రోజులు సరిగా మాట్లాడలేదు. ఆ కోపం న్యాయమైనదే. శుక్రవారం పొద్దున ఆఫర్ వద్దని మెయిల్ పెట్టి, నా ఎదురుగా కూర్చుని, "ఇంకేమేమి దాచిపెట్టినవో అన్నీ ఇయ్యాల్నే చెప్పెయ్" అన్నాడు. చాలానే ఉన్నాయి. అతను చేసే టమాటా పప్పు నాకు నచ్చదన్న దగ్గర మొదలుపెట్టాను.

తర్వాత కొన్నేళ్ళకు డాక్టరు గారికి తుంటి ఆపరేషన్ అయింది. కూతురి విమానం ఆలస్యమై, ఆ పొద్దున ఆసుపత్రికి నేనే తీసుకెళ్ళాను. వేలమందికి ధైర్యం చెప్పిన మనిషి, ఈవిడకు నా అవసరమేముంటుందిలే అనుకుంటూ మంచం పక్కన నిలబడ్డాను. నర్సు బయటికి వెళ్ళగానే ఆవిడ నా వైపు తిరిగి, మామూలు గొంతుతోనే అన్నారు. "నాకు భయంగా ఉందమ్మాయ్. చెయ్యి పట్టుకో. వాళ్ళు తీసుకెళ్ళేదాకా వదలకు."

పట్టుకున్నాను. సన్నటి చెయ్యి, చల్లగా ఉంది, పట్టు మాత్రం గట్టిది. తూర్పు వాకిలి కావాలని అడగడం నేర్చుకుంటే చాలనుకున్నాను నేను. అంతకంటే కష్టమైనవి అడగవలసినవి ఉంటాయని, అవి కూడా ఇంత మామూలుగా అడగవచ్చని ఆ పొద్దున తెలిసింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. మరో రెండు వేసవులు మా పక్కపక్క మడుల్లో గోంగూర వేశాం. ఆ తర్వాత ఆవిడ కూతురి దగ్గరికి విన్నిపెగ్ వెళ్ళిపోయారు. పోయిన జనవరిలో ఒకనాటి మధ్యాహ్నం కూతురు ఫోన్ చేసి, అమ్మ పోయిందని చెప్పింది. ఫోన్ పెట్టేసి వంటింట్లో బల్ల దగ్గర కూర్చుండిపోయాను. పక్క గదిలో మీటింగ్‌లో ఉన్న శ్రీకాంత్ లేచి వచ్చి, "ఏమైంది? చాయ పెట్టాల్నా? ఏమన్న కావాల్నా?" అని అడిగాడు.

ఏం వద్దులే, నువ్వు పని చూసుకో అనబోయాను. ఆ మాట నాలుక మీదికి వచ్చింది కూడా.

"పని ఆపేసి నా పక్కన కూర్చో. నేను ఏడుస్తాను. లేవమనేదాకా లేవకు" అన్నాను.

అతను ల్యాప్‌టాప్ మూసి వచ్చి, కుర్చీ దగ్గరికి జరుపుకుని కూర్చున్నాడు.