వంటామె చంపేసింది

హైటెక్ సిటీ ఇంకా సగం అద్దాలూ సగం బండరాళ్ళుగా ఉన్న రోజుల్లో, కంప్యూటర్ గురించి అందరికీ అన్నీ తెలుసు, దాని ముందు కూర్చున్న మాకు తప్ప. బీయస్సీ పట్టా, ఆరు నెలల కోర్సు సర్టిఫికెట్టు పట్టుకుని తణుకు నుంచి వచ్చిన నాకు మాదాపూర్‌లో ఒక సిమెంటు దుకాణం పైన ఉన్న ఆఫీసులో ఉద్యోగం దొరికింది. "మా అమ్మాయి సాఫ్ట్‌వేర్" అని మా నాన్న వీధి వీధంతా చెప్పుకున్నారు. నిజానికి నేను చేసే పని పోస్టుకార్డులు చదవడం. (ఆ సంగతి ఇంటికి రాసిన ఉత్తరాల్లో ఎన్నడూ రాయలేదు. ఆ ఉత్తరాలు కూడా పోస్టుకార్డులే.)

అసలు విషయం ఏమిటంటే, ఎవరో ఒక పాత సస్పెన్స్ సినిమాని టీవీ సీరియల్‌గా తీస్తున్నారు. జమీందారు బంగళా, అందులో ఒకరి తర్వాత ఒకరుగా హత్యలు. సినిమాలో హంతకుడు ఆ ఇంటి డాక్టరు. కథ జనానికి ముందే తెలుసు కాబట్టి సీరియల్లో హంతకుణ్ణి మార్చేయాలని తీసేవాళ్ళ ఆలోచన. ఎవరిగా మార్చాలో తేలక, ప్రతి గురువారం సీరియల్ చివర్లో "మీ అనుమానం ఎవరి మీద? మాకు రాయండి" అని వేసేవారు. జనం రాసేవారు. ఆ కార్డులు సోమవారం గోనెసంచుల్లో మా ఆఫీసుకొచ్చేవి. నేను ఒక్కో కార్డూ చూసి ఒక అంకె కొట్టాలి. డాక్టరు ఒకటి, జమీందారు తమ్ముడు రెండు, లాయరు మూడు, వంటామె నాలుగు, ఇతరములు అయిదు.

మా పైఅధికారిది రాజమండ్రి. చాటున అందరం "కోడ్ మాస్టారు" అనేవాళ్ళం. ఆయన మొదటి రోజే చెప్పారు: "చూడండమ్మా, ఉత్తరం ఎంత పొడుగున్నా కంప్యూటర్‌కి కావలసింది ఒక్క అంకేనండి. చదువుతూ కూర్చోకండి. చూడండి, చాలు." ఆరు నెలలు చూసి, పని నచ్చితేనే ఉంచుకుంటారట. అందుకని నేను రెప్ప వేయకుండా చూసేదాన్ని.

చిక్కల్లా ఒకటే. నేను ఆ సినిమా చూడలేదు, సీరియలూ చూడలేదు. మా ఇంట్లో హత్యల సినిమాలు నిషేధం. పిల్లలు జడుసుకుంటారని నాన్న అనేవారు గానీ, జడుసుకునేది ఆయనే. సీరియల్ వచ్చేది సాయంత్రం ఏడున్నరకి, నా డ్యూటీ ఎనిమిది దాకా. కాబట్టి కథ మొత్తం నాకు కార్డుల మీదుగానే తెలియాలి. ఒక కార్డులో డాక్టరు కొండ మీంచి పడి చచ్చిపోయాడు. తర్వాతి కార్డులో అదే డాక్టరుకి జమీందారు చిన్నకూతురినిచ్చి పెళ్ళి చేయమని సలహా. (మొదటిది సినిమా, రెండోది సీరియల్ అని తెలియడానికి నాకు రెండు నెలలు పట్టింది.) నిజామాబాద్ నుంచి ఒక ముసలావిడ జమీందారు తమ్ముడికే నేరుగా రాసింది: "నాయనా, ఆ పాలు తాగకు." రిటైరైన తహసిల్దారు గారొకరు, సినిమా బంగళాలో మెట్లు ఎడమవైపు ఉండేవి, సీరియల్లో కుడివైపు ఉన్నాయి, దీని వెనక ఏదో కుట్ర ఉందని నాలుగు కార్డులు నింపారు. ఇంకొకావిడకి ఏ అనుమానమూ లేదు, పెద్దకోడలు కట్టింది గద్వాల చీరా, నారాయణపేట చీరా అన్న ఒక్కటి తప్ప. కథ పట్టు చిక్కడం కోసం ఒక కాగితం మీద ఆ కుటుంబం వంశవృక్షం గీసుకున్నాను. మూడో వారానికి అందులో డాక్టరు తనకి తనే మామగారయ్యాడు.

ఆ అయోమయంలో నాకు దొరికిన ఒకే ఒక ఊరట ఒక వాక్యం. "వంటామె చంపేసింది." కర్త ఉంది, క్రియ ఉంది, ఏ గందరగోళమూ లేదు. మొదట పదుల్లో వచ్చాయి, తర్వాత కట్టలు కట్టలుగా వచ్చాయి. "ఈ వారం వంటామె చంపేసిందండీ!" "వంటామె చంపేసింది పో!" "మా పిల్లలు కూడా అదే అంటున్నారు." నాలుగు, నాలుగు, నాలుగు అని కొట్టుకుంటూ పోయాను. హత్య గురించి వీళ్ళంతా ఇంత సంబరంగా ఎందుకు రాస్తున్నారా అని ఒకటి రెండుసార్లు అనిపించకపోలేదు. ఊరు కొత్త కదా, ఇక్కడి మనుషులు గట్టివాళ్ళు కాబోలు అనుకున్నాను.

నెలాఖరుకి రిపోర్టు ముద్రించి ఇచ్చాం. సీరియల్ తాలూకు మనిషి జీపులో వచ్చాడు. మెడ మీదికి జులపాలు, నుదుటి మీదికి నల్లకళ్ళద్దాలు. కాగితం చూసి ఎగిరి గంతేసినంత పని చేశాడు. "అందరి అనుమానం వంటామె మీదేనా? అయితే రెండు వారాల్లో ఆవిడనే చంపేద్దాం! హంతకురాలనుకున్న మనిషే హతమైపోతే జనానికి మతి పోదూ!"

కోడ్ మాస్టారు, "బాగా ఆలోచించుకోండి సార్" అన్నారు.

"కంప్యూటరే చెప్పాక ఆలోచించేదేముందండీ?" అన్నాడాయన. నాకు ఒళ్ళు పులకరించింది. మా నాన్న పక్కనుంటే బాగుండును అనుకున్నాను.

రెండు వారాల తర్వాత, ఒక గురువారం మా ఆఫీసు ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. సాయంత్రం అయిదింటికే ఇంటికి పంపేశారు. నేను పుప్పాలగూడలో ఒక గది కిరాయికి తీసుకుని ఉండేదాన్ని. ఇంటి యజమానురాలిని అందరూ పటేలమ్మ అనేవారు. ఏడున్నరకి ఆవిడ ముందుగదిలో చుట్టుపక్కల ఆడవాళ్ళంతా చాపల మీద సర్దుకున్నారు. నేనూ ఒక మూల కూర్చున్నాను. మొట్టమొదటిసారి నా అంకెలకి ముఖాలు చూశాను. లాయరుని చూసి "ఈయనేనా డాక్టరు?" అని అడిగితే పటేలమ్మ, "ఊకో బిడ్డా, జర చూడనియ్యి" అంది.

అప్పుడు వంటామె వచ్చింది. పొట్టిగా, బొద్దుగా, చేతిలో గరిటె. లాయరు ఇంటిగుట్లు కూపీ లాగుతుంటే ఆవిడ మాటా పలుకూ లేకుండా, ఆయన ప్రశ్నకొక చెంచా చొప్పున పులుసులో కారం వేస్తూ పోయింది. గది గదంతా విరగబడి నవ్వింది. పటేలమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ, "సంపుతున్నదే గీమె! సంపుతున్నది!" అంది.

నేను మూలలోంచి ముందుకు జరిగాను. "ఎవరినండీ చంపుతోంది?"

"ఎవర్నేంది? మనల్నే! నవ్వించి నవ్వించి సంపుతున్నది. పోయిన నెల నేను గూడ కార్డు రాయించిన గద."

"ఏమని రాయించారు?"

"ఇంకేమని రాయిస్త? వంటామె సంపేసింది అని."

చూసినవి, అంకె కొట్టినవి, ఆ కట్టలన్నీ కళ్ళ ముందు తిరిగాయి. అంతలో ఇంకో సంగతి తట్టింది. ఆవిడ చచ్చిపోయేది ఈ వారమే. ఆ గదిలో అంతమంది నవ్వుతున్నారు, ఏం జరగబోతోందో నాకొక్కదానికే తెలుసు. లేచి టీవీకి అడ్డంగా నిలబడదామా అని కూడా అనిపించింది. వంటామె దీపం పట్టుకుని కొట్టుగది తలుపు తోసింది. ఒక కేక వినిపించింది. గరిటె గచ్చు మీద పడి గుండ్రంగా తిరుగుతుండగా పేర్లు వచ్చేశాయి.

పటేలమ్మ లేచి టీవీ ఆపేసింది. "గామెనెందుకు సంపిండ్రే? గామె ఎవరికేం చేసింది?" అని నా వంకే చూస్తూ అడిగింది. నన్ను అడగాలని అడగలేదు, నేను ఎదురుగా ఉన్నాను, అంతే. ఆ పూట ఆవిడ అన్నం ముట్టలేదు.

మర్నాడు పొద్దున్నే కోడ్ మాస్టారికి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆయన అంకెల జాబితా తీసి చూసి, "అయితే అవి అయిదులో వేయవలసిందా అండి?" అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "ఈ మాట మన మధ్యనే ఉండనివ్వండమ్మా" అన్నారు.

ఉండలేదు. సోమవారం సంచులతో పాటు జీపులో జులపాలాయన, ఆయన వెనకే నేతచీరలో ఒకావిడ దిగారు. వంటామె! మెట్లెక్కి వచ్చి, "నా మీద జనానికి అనుమానమున్నదని చెప్పింది ఎవరు?" అని అడిగింది. కోడ్ మాస్టారు వేలితో కంప్యూటర్‌ని చూపించారు. (నిజంగానే చూపించారు.) ఆవిడ దాని ముందు నిలబడి, మనిషితో మాట్లాడినట్టే మాట్లాడింది. "ఇరవై ఏండ్ల సంది నాటకాలాడుతున్న. నవ్వించుడొక్కటే వచ్చు నాకు. నన్ను జూసి జనం భయపడ్డరంటె, గదిగూడ రాదన్నట్టే గద?"

ఉద్యోగం పోతే పోయిందనుకున్నాను. "అది కాదండీ, చెప్పింది నేను" అన్నాను. గడగడా మొత్తం చెప్పాను, పటేలమ్మ కార్డుతో సహా. జులపాలాయన నోరు తెరిచాడు. ఆవిడ మాత్రం నన్నే చూస్తూ, "ఏవి కార్డులు? ఒకటి సదువు" అంది.

పాత సంచీ లాక్కొచ్చి బయట మెట్ల మీద కూర్చున్నాం. అప్పటిదాకా ఆ నాలుగు అంకె కట్టల్లో ఒక్క కార్డూ చివరిదాకా చదవలేదని అప్పుడే తెలిసింది నాకు. "వంటామె చంపేసింది" తర్వాత కూడా మాటలున్నాయి. వరంగల్ హాస్టల్ అమ్మాయిలు ఆవిడలా గరిటె తిప్పి వార్డెన్ చేతిలో చీవాట్లు తిన్నారట. భీమవరం పెద్దాయన ఒకరు, ఆవిడ కనిపించేదాకా మాత్ర వేసుకోనని మొండికేస్తున్నారట. ఎదురుగా కొండరాళ్ళు పేల్చే సైరన్ మోగితే ఆగి, ధూళి అణిగాక మళ్ళీ చదివాను. ఆవిడ నవ్వింది, ముక్కు చీదింది, మళ్ళీ నవ్వింది. చివరికి, "ఒకసారి సచ్చి చూస్తెగాని తెల్వలే బిడ్డా, నాకు గింతమంది ఉన్నరని" అంది.

ఆ వారం వచ్చిన కార్డులన్నీ ఆవిడని బతికించమనే. మూడు వారాల్లో ఆవిడ తన కవల చెల్లెలిగా బంగళాలో దిగింది. వెంటనే "చెల్లెలు చంపేసింది" అని కార్డులు మొదలయ్యాయి. అది మెప్పో అనుమానమో రాసినవాళ్ళకే తెలిసినట్టు లేదు. కోడ్ మాస్టారే ఓ రోజు, "ఆరు పెట్టుకోండమ్మా. అర్థం కాలేదు అని" అన్నారు. తర్వాత సగం కార్డులు ఆరులోకే పోయాయి. నా ఉద్యోగం పోలేదు గానీ, నన్ను టెలిఫోన్ డైరెక్టరీ టైపు చేసే పనికి మార్చారు. అందులో క్రియాపదాలుండవు. సీరియల్ చివరి భాగం వచ్చిన రోజు నేను తణుకు వెళ్ళే రైల్లో ఉన్నాను. హంతకుడెవరని ముగ్గురిని అడిగితే ముగ్గురు మూడు పేర్లు చెప్పారు. నాకిప్పటికీ తెలియదు.

ఆనాటి అమ్మాయి గుర్తొస్తే జాలీ నవ్వూ కలిసి వస్తాయి. ఇన్నేళ్ళొచ్చాయి కదా, ఇప్పుడైనా మాటలు తిన్నగా తెలుస్తున్నాయనుకుంటే, మొన్న ఆదివారం గుత్తివంకాయ కూర చేశాను. మా అబ్బాయి ఒక ముద్ద తిని కళ్ళు మూసుకుని, "అరాచకం అమ్మా!" అన్నాడు. వంకాయలో అరాచకమేమిట్రా అని అడగబోయాను. వాడి కంచం వైపు చూసి, అడగకుండా ఇంకో గరిటె వడ్డించాను.