బాపురావు రంగు ఇంకా ఆరలే

బాపురావు దృష్టిలో ఈ లోకంలో పూసిన ఏ రంగూ ఇంతవరకు ఆరలేదు.

బోధన్‌లో ఆయన ఇంటి తలుపుకు నీలం రంగు వేసి ఎన్నేళ్లయిందో భార్య రాధాబాయికి కూడా గుర్తు లేదు. తలుపు మీద అట్టముక్క మాత్రం ఆ రోజు నుంచీ వేలాడుతూనే ఉండేది: "తడి రంగు. ముట్టద్దు." ఎండకు అక్షరాలు వెలిసిపోతే బాపురావు కొత్త అట్ట రాసి కట్టేవాడు. అందుకని ఆ ఇంటికి వచ్చినవాళ్లెవరూ తలుపు తట్టేవాళ్లు కాదు. వీధిలో నిలబడి కేకేసేవాళ్లు.

రంగు ఆరిందో లేదో తేల్చడానికి ఆయన పద్ధతి ఆయనది. చిటికెన వేలు మడిచి, దాని వెనకవైపును రంగుకు ఆనించేవాడు. నాడి చూసే వైద్యుడిలా కళ్లు మూసుకునేవాడు. ఆ తర్వాత వేలు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన పీల్చేవాడు. చుట్టూ ఉన్నవాళ్లు ఊపిరి బిగబట్టి చూసేవాళ్లు.

"ఊహూఁ. ఇంకా ఆరలే."

షుగర్ ఫ్యాక్టరీలో ఆయన ఉద్యోగం చేసినంతకాలం చేసింది రంగులేయడమే. ఒకసారి ఆఫీసు మెట్ల పక్కనున్న ఇనుప కమ్మీలకు ఆకుపచ్చ రంగు వేసి, ఎవరూ ఎక్కకుండా తాడు అడ్డం కట్టాడు. చెరకు బండ్లు వచ్చాయి, పోయాయి. కొత్త ఆఫీసర్లు వచ్చి, వెనక మెట్ల మీదుగానే ఎక్కి దిగి, రిటైరైపోయారు. చివరికి ఫ్యాక్టరీయే మూతపడింది గానీ తాడు ఊడలేదు.

"ఫ్యాక్టరీయే బందైంది గదా బాపురావన్నా, ఇంకా తాడెందుకే?" అని ఎవరైనా అడిగితే, "బందైన ముచ్చట రంగుకెర్కనా?" అనేవాడు.

కూతురి పెళ్లికి కుర్చీలన్నిటికీ తనే రంగు వేశాడు. ఫలితంగా మగపెళ్లివాళ్లు పళ్లేలు చేత్తో పట్టుకుని నిలబడే భోంచేశారు. బోధన్‌లో బఫే భోజనాలు ఆ రోజే మొదలయ్యాయని అంటారు. స్కూటర్‌కు మెరూన్ రంగు వేశాక, అది ఆరేదాకా నడపకూడదని బజారుకు నడిచే పోయేవాడు. ఆయనకు షుగర్ రాకపోవడానికి ఆ స్కూటరే కారణం. రాధాబాయి పట్టుచీర ఇనుప బీరువాలో ఉండిపోయింది. బీరువా తలుపు మీద అట్ట ఉండిపోయింది.

"చీర పాతదైంది, నేను పాతదాన్నైన. గా రంగొక్కటే కొత్తగున్నది," అనేది రాధాబాయి.

అలాంటి మనిషి దగ్గరికి చంద్రవ్వ వాళ్ల సైకిల్ వచ్చింది.

చంద్రవ్వ బీడీలు చుడుతుంది. బీడీల కార్ఖానా మొన్నటిదాకా వాళ్ల సందు చివరే ఉండేది. చుట్టిన కట్టలు గంపలో పెట్టుకుని నాలుగడుగులు వేస్తే చాలు. ఇప్పుడు దాన్ని ఊరికి ఆ చివరకు మార్చారు. మోకాళ్లు పట్టేసిన చంద్రవ్వ నడిచి చేరేసరికి ఆలస్యమవుతుంది. ఆలస్యమైతే మర్నాటికి తునికాకు ఇవ్వరు. ఆకు లేకపోతే పని లేదు. గంప చూడగానే ఆటోవాళ్లు ముఖం తిప్పుకుంటారు. తోటి ఆడవాళ్లు ఒక్కొక్కరే పని మానేస్తున్నారు.

చంద్రవ్వకు ఒకటే దారి కనిపించింది. కాలం చేసిన మొగుడు వెంకటి సైకిల్ పెరట్లో తుప్పు పట్టి ఉంది. దాన్ని తను తొక్కాలి. ఆ మాట మాత్రం ఎవరికీ చెప్పలేదు. యాభై దాటిన మనిషి, అందులోనూ మొగుడు పోయినామె, నడుమ పైపున్న మగవాళ్ల సైకిల్ ఎక్కుతానంటే వాడకట్టు కడుపుబ్బ నవ్వదూ?

ఆమె నోరు తెరిచే లోపే కొడుకు మహేందర్ దానికి బేరం తెచ్చాడు. నిజామాబాద్ బైపాస్ మీద కొత్తగా పెట్టిన కాఫీ హోటలాయనకు అలంకారానికి పాత సైకిల్ కావాలట. మహేందర్ సైకిల్‌ను నడిపించుకుంటూ బాపురావు ఇంటికి తెచ్చాడు. చంద్రవ్వ వెనకే వచ్చింది.

బాపురావు సైకిల్ చుట్టూ తిరిగి చూశాడు. "ఏం రంగెయ్యాలెరా?"

"రంగు కాదు పెద్దబాపు. తుప్పు తుప్పు లెక్కనే ఉండాలె. పైకెల్లి వార్నిష్ కొట్టాలె. పాతగ కనవడాలె గని చేతికి అంటొద్దు. హోటలాయన గోడకు ఏలాడేస్తడట."

"సైకిల్నా?"

"ఆఁ."

"గోడకా?"

"గిప్పుడు గదే ఫ్యాషన్ పెద్దబాపు."

"గంత పెద్ద తప్పేం జేసిందిరా అది?"

ఎదురుగా చాయ్ హోటల్ నడిపే రామ్‌దాస్ ఊరుకోలేకపోయాడు. "మహేందరూ, మంచిగ పౌడర్ కోటింగ్ చేపియ్యి. నిజామాబాద్‌ల పొయ్యిల వెట్టి తీస్తరు. గంటల పని అయితది."

"సైకిలేమన్న మక్కకంకా, కాల్చెతందుకు?" అన్నాడు బాపురావు.

అందరూ నవ్వుతుంటే చంద్రవ్వ మెల్లగా అడిగింది. "అన్నా, సీటు ఎంత కిందికైతది?"

మహేందర్ ఇంకా నవ్వాడు. "గోడకు ఏలాడేదానికి సీటు యాడుంటే ఏందే అవ్వా?"

బాపురావు నవ్వలేదు. సీటు వైపు చూశాడు. చంద్రవ్వ వైపు చూశాడు. "అయితది చెల్లె. శానా కిందికైతది," అన్నాడు. తర్వాత మహేందర్ వైపు తిరిగి, "ఇడ్సిపెట్టి పో. ఆరినంక తీస్కపోదువు."

"రెండు దినాలల్ల ఆరుతది గదా పెద్దబాపు?"

రామ్‌దాస్‌కు చాయ్ పొలమారింది.

బాపురావు మొదట చేసిన పని తుప్పంతా గీకేయడం. "అన్నా, తుప్పు ఉంచుమన్నడు పిల్లగాడు," అంది చంద్రవ్వ. "తుప్పు మీద ఎయ్యాల్నంటే నా చెయ్యి రాదు," అన్నాడాయన. ఏ రంగు కావాలని అడిగితే, "నలుపే ఎయ్యన్నా. ఎవ్వల కంట్ల పడది," అంది. నలుపే వేశాడు. చక్రాలు బిగించాడు. సీటు దించాడు. తర్వాత చిటికెన వేలు ఆనించాడు.

"ఊహూఁ. ఇంకా ఆరలే. దీనికి గాలి సాల్తలేదు."

"ఫ్యాను వెడుదామా అన్నా?"

"ఫ్యాను గాలి పనికిరాదు. ఉరికే గాలి గావాలె. సైకిల్ నడిస్తెనే ఆరుతది. పొద్దుగాల ఫ్యాక్టరీ మైదానంల తిప్పుకరా."

"నేనా?"

"నా మోకాళ్లల్ల గుజ్జు లేదు. నువ్వే తోల్కపో. హ్యాండిల్ వట్టు, సీటు వట్టు. పైపు మాత్రం ముట్టకు, తడి ఉన్నది."

ఎలా అడగాలా అని చంద్రవ్వ సతమతమవుతున్న సైకిల్ దానంతటదే చేతికొచ్చింది! పైకి మాత్రం, "ఏం మనిషివే అన్నా, నాకు పని లేదనుకున్నవా?" అని విసుక్కుంది.

ఒకప్పుడు చెరకు బండ్లు బారులు తీరిన ఆ మైదానంలో సైకిల్‌ను తోసుకుంటూ తిరిగింది. బాపురావు చెరకుబండి చక్రం ఒకటి పడి ఉంటే దాని మీద కూర్చుని చూశాడు. వేలు ఆనించాడు. "తోస్తే గాలి సాల్తలేదు. ఎక్కాలె."

మర్నాడు చంద్రవ్వ గోచీ బిగించి వచ్చింది. పైపు ముట్టకుండా ఎక్కాలంటే కాలు ఎంత ఎత్తు లేపాలో లేపింది. మడిబురదలోంచి అడుగు పీకినట్టు కాలు పీకి అవతల వేసింది. సైకిల్ నాలుగు చుట్లు తిరగాల్సింది, ఒక్క వంకర తిరిగి కూలబడింది.

"రంగు! రంగు!" అంటూ బాపురావు ఉరికొచ్చాడు. మొదట పైపు చూశాడు. చక్రం చూశాడు. ఆ తర్వాత, "నీకేమన్న తాకిందా చెల్లె?" అన్నాడు.

"సచ్చిపోతె గూడ ముందుగాల రంగే జూస్తవానే?"

"నువ్వు లేస్తవు. రంగు లేస్తే మళ్ల కూసోదు."

రోజూ పడింది. రోజూ లేచింది. దారినపోయేవాళ్లు ఆగి చూశారు. పాలు తేవడానికి పోతూ రామ్‌దాస్ అరిచాడు: "ఏందే చంద్రవ్వా, సర్కస్‌ల చేరుతున్నవా?"

"నా ఖర్మ రామ్‌దాసన్నా! బాపురావన్న రంగు ఆరవెడుతున్న!"

అంతే, వాడకట్టంతా విరగబడి నవ్వింది. చంద్రవ్వను చూసి కాదు, బాపురావును చూసి. "ముసలాయనకు పిచ్చి ముదిరింది, ఆమెతోని సైకిల్ తొక్కిపిస్తున్నడు," అన్నారు. "పాపం చంద్రవ్వ," అన్నారు. ఆమె మీదికి రావలసిన నవ్వంతా దారి తప్పి ఆయన నెత్తిన పడింది. ఆయన అదేదో పూలదండ అన్నట్టు తలెత్తుకుని తిరిగాడు.

మహేందర్ వచ్చినప్పుడల్లా ఒకటే జవాబు: "ఆరలే." ఒకసారి వచ్చేసరికి నలుపు కూడా లేదు. మళ్లీ ఇనుము తెల్లగా మెరుస్తోంది.

"గిదేంది పెద్దబాపు?"

"నలుపు దీనికి వడ్తలేదురా. వేరే సూడాలె."

పైపు మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం, పసుపు పక్కపక్కనే పట్టీల్లా పూశాడు. చంద్రవ్వను పిలిచాడు. "ఏదెయ్యాలె?"

"చెప్పిన గదన్నా, నలుపే," అంది. చూపు మాత్రం పసుపు మీద ఆగింది. ఎండబోసిన పసుపుకొమ్ము విరిస్తే లోపల మెరిసే రంగు. వెంకటి పోయినప్పటి నుంచి ఆమె ఒంటికి ఆ రంగు తగల్లేదు.

"గిదా?" అన్నాడు బాపురావు.

"వద్దన్నా. మంది ఏమంటరు?"

"ఏమంటరు? బాపురావుకు కండ్లు కనవడ్తలేవంటరు. అననియ్యి."

పసుపే వేశాడు. పలచగా ఒక పూత, దాని మీద ఇంకొకటి. చంద్రవ్వ ఇప్పుడు మైదానం చుట్టూ పడకుండా తిరుగుతోంది. అయినా ఆ సైకిల్ మీద కార్ఖానాకు పోతానని కొడుకుతో ఎలా చెప్పాలో తెలియలేదు. ఆ లోపు ఒక పొద్దున హోటలాయన వ్యాను వేసుకుని రానే వచ్చాడు. పక్కనే మహేందర్.

"గిదేం రంగు పెద్దబాపు! తుప్పు లెక్క జెయ్యిమంటి గదా!" మహేందర్ నెత్తి పట్టుకున్నాడు.

హోటలాయన మాత్రం కళ్లు పెద్దవి చేశాడు. "అరె, బంతిపువ్వు లెక్కున్నది! ఇదే కావాలె నాకు. గోడకు మస్తుంటది. ఎక్కించు!"

మహేందర్ పైపు మీద చెయ్యి వేయబోయాడు.

"ముట్టకు!"

బాపురావు కేకకు వీధి వీధంతా ఆగిపోయింది. ఆయన చిటికెన వేలు ఆనించాడు. కళ్లు మూసుకున్నాడు. వాసన చూశాడు. తర్వాత, ఎన్నడూ చేయని పని చేశాడు. బీడీల గంపతో గోడవారన నిలబడి ఉన్న చంద్రవ్వ వైపు తిరిగాడు.

"నువ్వు జెప్పు చెల్లె. ఆరిందా?"

చంద్రవ్వ కొడుకును చూసింది. వ్యానును చూసింది. కార్ఖానాకు వేళవుతోంది. వచ్చి, చిటికెన వేలు మడిచి పైపుకు ఆనించింది.

"ఆరిందన్నా."

"ఆరింది!" అని చాటింపు వేసినట్టు అరిచాడు బాపురావు.

రామ్‌దాస్ చేతిలో చాయ్ గ్లాసు జారింది. ఇంట్లోంచి రాధాబాయి బీరువా వైపు ఉరికిన చప్పుడు వినిపించింది. ఈ గందరగోళంలో చంద్రవ్వ గంపను వెనక క్యారియర్‌కు కట్టింది, గోచీ బిగించింది, కాలు ఎత్తి అవతల వేసింది. సైకిల్ ఒక్క వంకర కూడా తిరగలేదు.

"అవ్వా! యాడికి?"

"కార్ఖానకు పోయొస్త బిడ్డా! హోటలాయనకు చాయ్ తాపియ్యి!"

గంట మోగించుకుంటూ పసుపు సైకిల్ సందు మలుపు తిరిగింది. మహేందర్, "బ్రేక్! అవ్వా, మలుపు కాడ బ్రేక్ వట్టు!" అంటూ వెంట పరుగెత్తాడు. కోపంతో పరుగెత్తినవాడు సగం దారిలో నవ్వడం మొదలుపెట్టాడు. ఆ రోజు కార్ఖానాలో అందరికన్నా ముందు చేరిన గంప చంద్రవ్వదే. పని మానేద్దామనుకున్న భూమవ్వ సైకిల్ చుట్టూ తిరిగి, "చెల్లె, మా ఇంట్ల గూడ ఒకటున్నదే, రంగు పోయింది," అంది.

హోటలాయన ఉత్త చేతులతో పోలేదు. "గోడకే గావాల్నంటే నా స్కూటర్ తీస్కపో. కని ఎవ్వల్ని ముట్టనియ్యకు," అని బాపురావు అట్టముక్కతో సహా అప్పగించాడు.

సాయంత్రం చంద్రవ్వ పేడాల మిఠాయి పొట్లం పట్టుకుని వస్తే రాధాబాయి నవ్వింది. "నలుపు మర్నాడే ఆరిందే చంద్రవ్వా. సీటు ఎంత కిందికైతదని నువ్వు అడుగుడుతోనే ఈయనకు సమజైంది. 'మంది నవ్వుతే తట్టుకోదు, నన్ను జూసి నవ్వుడు మందికి అలవాటే గదా,' అన్నడు."

చంద్రవ్వ ఇంకో పేడా తీసి రాధాబాయి చేతిలో పెట్టింది. "మరి నీ బీరువా వదినె?"

"అది మాత్రం నిజంగనే ఆరలేదంటడు."

బాపురావు ఇప్పుడు లేడు. ఆయన పోయాక కూతురు వచ్చి ఇల్లు సర్దుతూ, నీలం తలుపు మీది అట్టముక్క తాడు విప్పబోయింది. సరిగ్గా అప్పుడే చంద్రవ్వ పసుపు సైకిల్ మీద కార్ఖానాకు పోతోంది. వెనక భూమవ్వ, ఇంకా ఇద్దరు ముగ్గురు, తలా ఒక రంగు సైకిల్ మీద. చంద్రవ్వ బ్రేకు పట్టి దిగింది. తలుపుకు చిటికెన వేలు ఆనించింది. కళ్లు మూసుకుంది. వేలు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. వెనకున్న ఆడవాళ్లు ఊపిరి బిగబట్టారు.

"ఉండనియ్యి బిడ్డా," అంది. "ఇంకా ఆరలే."