సముద్రానికి పగ్గం

మా వైపు నీళ్లంటే భూమిని తొలిచి, దేవుడికి మొక్కి, మోటారును బతిమాలి పైకి తెచ్చుకునే వస్తువు. అన్ని నీళ్లు ఊరికే పైన పరుచుకుని ఉంటే నాకు అనుమానం. అయినా చెన్నైలో ఉద్యోగం చేసే మా అక్క కూతురు, అమ్మకూ మామకూ సముద్రం చూపించాలని శని, ఆదివారాలకు ఒక తెరచాప పడవ మాట్లాడింది. తనకు సెలవు దొరకలేదు. "వారాంతం బాగుంటాది మామా" అంది ఫోన్లో. నాకు ఆ మాటలో 'అంతం' ఒక్కటే గట్టిగా తోచింది.

అక్కది సదుం పక్కన పల్లె. జెర్సీ ఆవులు మేపుతుంది. నేను మదనపల్లెలో ఉంటాను, ఏమీ మేపను. ఇద్దరికీ ఈత రాదు.

శనివారం సముద్రం మర్యాదగానే ఉంది. తీరం వెంబడే పోయి, ఒక జాలరిపల్లెలో దిగి, చేపల పులుసు తిన్నాం. ఆదివారం తిరిగి వస్తుంటే గాలి లేచింది. చిన్నప్పుడు మా నాయన నన్ను గాలికి తిరిగేవాడని తిట్టేవాడు. ఆ తిట్టు ఇంత ఆలస్యంగా, ఇంత అక్షరాలా ఫలిస్తుందనుకోలేదు. పడవ ఒక పక్కకు ఒరిగింది. నేను తెరచాప గుంజను రెండు చేతులా కావలించుకున్నాను.

పడవాయన చుక్కాని దగ్గర కూర్చుని, తెరచాప తాడు కొస చూపించాడు. "దీన్ని ఒకరు పట్టుకోవాల. గాలి గట్టిగా కొడితే మాత్రం వదిలెయ్యాల. తెలిసిందా?"

నా చేతులు ఖాళీ లేవు.

"ఇట్లియ్యప్పా" అంది అక్క. "ఈణ్ణి బర్రెకు కాపలా పెట్టినా అది ఈణ్ణే మేస్తాది."

తాడు అందుకుని, చేతికి రెండు చుట్లు చుట్టుకుని, కాళ్లు తన్నిపెట్టి కూర్చుంది. మా పల్లెల్లో ఆవును పట్టే పద్ధతి అది. ఒట్టి గుప్పిట్లో పగ్గం పట్టుకుంటే ఆవుకు అలుసు. ఆవు ఎంత లాగినా వదలకూడదు. వదిలితే అది ఎవరి వేరుశనగలోనో పడుతుంది, పరువు వీధిలో పడుతుంది. ఆ చుట్లు నేను చూశాను. చూసినా తప్పనిపించలేదు. నేనూ ఆ పల్లెల్లో పుట్టినవాడినే కదా.

అంతలో పెద్ద గాలి కొట్టింది. పడవ పక్క అంచు నీళ్లను తాకింది. నీళ్లు లోపలికి వచ్చాయి, నా చెప్పులు తేలిపోయాయి.

"వదులమ్మా! తాడు వదులు!" అని పడవాయన అరిచాడు.

"వదిలితే యాటికి పోతాదో!" అని అక్క ఇంకా గట్టిగా లాగింది. మరుక్షణం ఆమె ముఖం మారిపోయింది. "ఒరే, రాలేదురా... చెయ్యి రాలేదు!"

చుట్లు బిగుసుకున్నాయి. వేళ్లు నల్లబడుతున్నాయి. పడవ తిరగబడితే ఆమె తాడుతో సహా తెరచాప కిందికి పోతుంది. మాకు తొడిగిన లైఫ్ జాకెట్ మనిషిని తేలుస్తుంది గానీ కట్టిన తాడును విప్పదు. అక్కడికి పోవాలంటే గుంజను వదలాలి. వదలమని నా చేతులకు చెప్పాను. అవి వినలేదు.

"నేను పడవ ముఖం గాలికి తిప్పుతా. తాడు సడలతాది. అప్పుడు విప్పు!" అన్నాడు పడవాయన నాతో.

పడవ తిరిగింది. తెరచాప పెద్ద దుప్పటి దులిపినట్టు టపటపా కొట్టుకుంది. నేను గుంజను వదిలి, నాలుగు కాళ్ల మీద పాకాను. నిలబడి పోవడం నా వల్ల అయ్యే పని కాదు.

"లాగబాక! ముందు సడలియ్యి" అంది అక్క పళ్ల బిగువున. ఆవు మెడలో ముడి విప్పించినట్టే చెప్పింది. ఒక చుట్టు ఊడింది. రెండోది తడిసి జారలేదు. ఇంకో గాలి వచ్చేలోగా పళ్లతో పట్టి పీకాను. ఊడింది. తాడు నా చెంపను చరిచి పోయింది.

ఒడ్డున దిగాక కూడా నేను ఆమె మణికట్టు పట్టుకునే ఉన్నాను. "ఇంక వదలరా నాయనా, నీ పట్టే ఎక్కువ నొప్పిగా ఉండాది" అంది. వదలడానికి కొంచెం సేపు పట్టింది.

మొన్న సదుం పోతే అక్క ఆవును తోలుకొస్తోంది. పగ్గం చేతికి రెండు చుట్లు.

"అక్కా, చుట్టుకోబాక" అన్నాను.

"యాలరా? ఇది ఆవు. సముద్రమా?"

దూరంగా ఎవరిదో మోటారు సైకిలు టపటపలాడింది. ఆవు తల ఎత్తింది. నేను పరిగెత్తి, అక్క చేతి దగ్గర సడలేలా పగ్గం పట్టుకున్నాను.