మోత ఆపుతున్నదెవరు

నాకు అనుమానం ఎక్కువ. ఈ మాట మా ఇంటావిడ అంటే ఒప్పుకోను గానీ, నేనే చెబుతున్నాను కాబట్టి నమ్మవచ్చు. గూడ్స్ రైలు నడిపేవాడికి అనుమానం లేకపోతే పని సాగదు. పచ్చ లైటు కనబడినా అది మన లైనుదేనా అని మళ్ళీ చూసుకోవాలి. గేటు వేసి ఉన్నా ఏ ట్రాక్టరో దూరి వస్తుందనే అనుకోవాలి. ఇంజన్లో పనికొచ్చే ఈ గుణాన్ని నేను ఇంటికి కూడా మోసుకొస్తానని ఆమె ఫిర్యాదు. కూరలో ఉప్పు తగ్గితే, నా బీపీ సంగతి ఆమె చెవిన ఎవరు వేశారా అని ఆరా తీస్తాను. అది నిజమే.

మేముండేది జనగామలో. నేను డ్యూటీ ఎక్కేది కాజీపేటలో. బొగ్గో, సిమెంటో, బియ్యమో, ఏది తగిలిస్తే అది వెనక వేసుకుని మహబూబాబాద్ మీదుగా డోర్నకల్ వైపు పోతాను. ఇన్నేళ్ళుగా నా వెనక ఉన్నది సరుకే. ఆ మధ్యే పాసింజర్ బండికి మారే వంతు నాకొచ్చింది. గూడ్స్ డ్రైవర్‌కి అది పెద్ద మెట్టు. వేరే బళ్ళకు దారిచ్చి పక్కనున్న లూప్ లైన్లో పడిగాపులు ఉండవు, వేళకు అన్నం దొరుకుతుంది, ప్లాట్‌ఫారం మీద మనుషులు తలెత్తి చూస్తారు. ఆర్డరు రాకముందే మా ఇంటావిడ భూపాలపల్లిలో ఉన్న వాళ్ళమ్మకు ఫోన్ చేసింది. నేను పాసింజర్ నడిపే మొదటి రోజు తల్లీకూతుళ్ళిద్దరూ అదే బండి ఎక్కాలని మాట తీసుకుంది. నాకు పైకి విసుగు, లోపల సంతోషం.

ఇక విమానం సంగతి. రాత్రి డ్యూటీలు చేసినవాడికి సెలవు రోజున పగలు నిద్ర పట్టదు, ఊరికే కూర్చోనూ లేడు. మా బావమరిదికి భూపాలపల్లిలో కంప్యూటర్లు బాగుచేసే దుకాణం ఉంది. వాడు నా అవస్థ చూసి మేడ మీది గదిలో ఒక పాత కంప్యూటరు, పెద్ద స్క్రీను, ఎవరో వాడి వదిలేసిన జాయ్‌స్టిక్ బిగించి, విమానం నడిపే సిమ్యులేటర్ వేసిపెట్టాడు. దాన్ని ఆట అంటే నాకు కోపం. అసలు విమానంలో ఉన్న మీటలన్నీ అందులో ఉంటాయి. పట్టాలు లేని చోట ఎటు తిప్పితే అటు పోవడం నా బతుకులో అదే మొదలు.

అందులో ఆటోపైలట్ వేస్తే విమానం తన దారిన తాను పోతుంది. ఏ కారణం చేతనైనా ఆటోపైలట్ ఊడిపోతే చెవులు చిల్లులు పడేలా ఒక మోత మొదలవుతుంది. ఇక నడపాల్సింది నువ్వే, మేలుకో అని దాని అర్థం. జాయ్‌స్టిక్ మీదున్న ఎర్ర బటన్ ఒత్తేదాకా అది ఆగదు. మొదటి రోజు ఆ సంగతి తెలియక నేను కంప్యూటరంతా వెతుకుతుంటే, పక్కింటి అవ్వ వాకిట్లోకి వచ్చి "ఎవలింట్ల మంటలంటుకున్నయే?" అని అరిచింది. మా ఇంటావిడ గరిటె పట్టుకునే మెట్లెక్కి వచ్చింది.

"గా మోత బందువెట్టు. లేకుంటే ఆ డబ్బను నేనే బందువెడ్త," అంది.

ఆ మాట నేను మరిచిపోలేదు. తర్వాత జరిగినదానికి అదే నాకు మొదటి సాక్ష్యం అయింది.

వానాకాలంలో ఒక మధ్యాహ్నం సిమ్యులేటర్‌లో హైదరాబాద్ నుంచి విశాఖకు పోతున్నాను. ఆటోపైలట్ వేసి, కింద కొండలు చూస్తూ కూర్చున్నాను. ఉన్నట్టుండి కొండలు మరీ దగ్గరగా కనబడ్డాయి. చూస్తే రెక్క ఒక పక్కకు వాలి ఉంది, విమానం కిందికి జారుతోంది, ఆటోపైలట్ ఎప్పుడో ఊడిపోయింది. మోత మాత్రం మోగలేదు. నేను సర్దుకునేలోపే కొండకు గుద్దుకున్నాను.

ఒకసారి అయితే పొరపాటు అనుకోవచ్చు. వరసగా ప్రతి సెలవుకూ ఇదే తంతు. ఆటోపైలట్ దానంతటదే ఊడుతుంది, హెచ్చరిక రాదు. మనిషి నిద్రలో ఉండగా ఎవడో ఇంటి తలుపు తీసిపెట్టినట్టు నాకు ఒళ్ళు మండింది. కిందికి దిగి అడిగాను.

"ఆ మోత రాకుండ నువ్వేమన్న చేసినవా?"

ఆమె చిక్కుడుకాయ ఈనెలు తీస్తూ తల కూడా ఎత్తలేదు. "మోగింది గదా. వంటింట్ల నాకు ఇనబడ్డది. కుయ్యిమని మొదలువెట్టి ఎంటనే ఆగింది."

ముక్కు ముందున్న నాకు వినబడని మోత, మేడ కింద పొయ్యి దగ్గరున్న ఆమెకు వినబడిందట! అబద్ధానికి కూడా ఒక అందం ఉండాలి కదా అనుకున్నాను. తమ్ముడికి ఫోన్ చేసి చెప్పి ఉంటుంది, వాడు అక్కడినుంచే ఏదో మీట నొక్కి ఉంటాడు. ఈ కాలంలో ఊళ్ళో కూర్చుని ఇంకో ఊరి కంప్యూటర్‌లో చెయ్యి పెట్టడం ఎంత పని? వాళ్ళిద్దరూ ఫోన్లో నవ్వుకోవడం నేను విన్నాను కూడా. దేనికి నవ్వారో అడిగితే చెప్పలేదు.

బావమరిది ఏదో సామాను కోసం హైదరాబాద్ పోతూ జనగామలో బస్సు దిగాడు. చాయ్ ఇచ్చేలోపే పట్టుకున్నాను.

"నేనేం చెయ్యలే బావా, అమ్మతోడు. నాకేం అవసరం?" అన్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టే ఉంది నాకు. నేను ఇంకా వాడి పేరే ఎత్తలేదు మరి.

వాడు మేడెక్కి అన్నీ విప్పి చూశాడు. "జాయ్‌స్టిక్ అరిగింది బావా. నువ్వు ముట్టకున్నా దానంతటదే వణుకుతాంది. నువ్వే తిప్పినవనుకొని ఆటోపైలట్ ఊడుతాంది. సౌండైతే మంచిగనే ఉన్నది." అని నా ఎదుటే ఊడగొట్టి చూపించాడు. మోత పైకప్పు ఎగిరిపోయేలా మోగింది. వాడుంటే మోగుతుంది, నేనొక్కణ్ణే ఉంటే మోగదు. ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి దగ్గర సెల్‌ఫోన్ లేదు, నా దగ్గర ఉంది. వాడు కింద భోజనానికి కూర్చోగానే, ఫోన్లో వీడియో ఆన్ చేసి, అల్మారా మీద దుప్పట్ల మధ్య ఇరికించి, కంప్యూటర్ వైపు తిప్పి పెట్టాను. విమానం పైకి లేపి ఆటోపైలట్ వేసి, నీళ్ళు తాగే వంకతో కాసేపు గది వదిలి వెళ్ళాను కూడా. దొంగకు సందు ఇస్తేనే కదా దొంగతనం చేసేది. తిరిగొచ్చి మళ్ళీ కూర్చున్నాను. కొంతసేపటికి అనుకున్నంతా అయింది. ఆటోపైలట్ ఊడి ఉంది, మోత లేదు.

నా సంతోషానికి హద్దు లేదు. ఫోన్ తీసుకుని గబగబా దిగి, అక్కాతమ్ముళ్ళిద్దరినీ మంచం మీద కూర్చోబెట్టాను. "చూడున్రి, మీ బాగోతం మీరే చూడున్రి," అని వీడియో పెట్టాను.

నేను గదిలోంచి వెళ్ళడం కనబడింది. ఖాళీ కుర్చీ, తిరుగుతున్న ఫ్యాను. ఎవరూ రాలేదు. నేను తిరిగొచ్చి కూర్చున్నాను. చెయ్యి జాయ్‌స్టిక్ మీద వేసి, కిటికీలోంచి చూసినట్టు స్క్రీనులోకి చూస్తున్నాను. అప్పుడు మోత మోగింది. ఫోన్ అదిరేంత గట్టిగా మోగింది. మోగీ మోగకముందే నా బొటనవేలు ఎర్ర బటన్ ఒత్తింది. మోత ఆగింది. నా ముఖంలో ఏ మార్పూ లేదు. తల తిప్పలేదు, రెప్ప వెయ్యలేదు. అలాగే కొండలు చూస్తూ కూర్చున్నాను. విమానం మెల్లగా వాలుతోంది.

బావమరిది ముందుగా నవ్వాడు. "దొంగ దొరికిండక్కా!" అన్నాడు. ఆమె కూడా పొట్ట పట్టుకుని నవ్వింది. నేను వీడియోను వెనక్కి జరిపి మళ్ళీ చూశాను. ఆ వేలు నాదే. ఒత్తిన గుర్తు నాకు లేదు. విన్న గుర్తు కూడా లేదు.

ఆమె నవ్వు అక్కడే ఆగిపోయింది. నా ముఖం చూసి మెల్లగా అడిగింది. "ఇంజన్ల గూడ గిట్లనే ఒత్తుతవా?"

ఇంజన్లో ఏం ఉంటుందో ఆమెకు తెలుసు, నేనే ఎన్నోసార్లు గొప్పగా చెప్పాను. డ్రైవర్ కాసేపు ఏ హ్యాండిలూ ముట్టకపోతే ఎదురుగా ఒక లైటు మిణుకుతుంది. అప్పుడు బటన్ ఒత్తాలి, నేను మేలుకునే ఉన్నాను అని చెప్పడానికి. ఒత్తకపోతే బజర్ మోగుతుంది. అప్పటికీ ఒత్తకపోతే బండికి దానంతటదే బ్రేకు పడుతుంది. నా ఇంజన్లో బజర్ దాకా రానివ్వను, లైటు వెలగ్గానే ఒత్తేస్తాను అని చుట్టాల్లో చెప్పుకునేవాణ్ణి. నా కుడిచేతికి అంత గొప్ప అలవాటు చేశాను.

"ఇంజన్ వేరు," అన్నాను. నా గొంతు నాకే నమ్మకంగా వినిపించలేదు.

తర్వాతి డ్యూటీ పగటి పూట పడింది. బొగ్గు ఖాళీ చేసిన వ్యాగన్లు డోర్నకల్ వైపు తీసుకుపోవాలి. నాతో ఉన్న అసిస్టెంటు మరిపెడ వైపు తండా నుంచి వచ్చినవాడు, నెమ్మదస్తుడు. వాడికి చెప్పాను, "నేను బటన్ ఎప్పుడు ఒత్తుతున్ననో చూస్తుండు తమ్మీ. నాకు చెప్పకు. అడిగినప్పుడు చెప్పు." వాడు నన్ను అదోలా చూశాడు. పై అధికారులు నాచేత తనకేదో పరీక్ష పెట్టిస్తున్నారని అనుకుని ఉంటాడు.

నా చేతి మీద నేనే కాపలా కాశాను. నెక్కొండ దాకా లైటు వచ్చిన ప్రతిసారీ తెలిసే ఒత్తాను. ఆ తర్వాత పత్తి చేలు చూస్తూ, బావమరిదికి సారీ ఎలా చెప్పాలా అని ఆలోచనలో పడ్డాను. మహబూబాబాద్‌లో ఎక్స్‌ప్రెస్‌కి దారి ఇవ్వడానికి మమ్మల్ని లూప్ లైన్లో ఆపారు. అప్పుడు అడిగాను.

"నెక్కొండ దాటినంక లైటే రాలేదు కదా?"

"రాకపోవుడేందన్నా? మస్తుసార్లు వచ్చింది. వచ్చినప్పుడల్లా ఒత్తినవ్."

"నేనా?"

"మరి నేనా?" అన్నాడు వాడు. ఈసారి వాడి చూపులో భయం ఉంది.

మా పద్ధతి ప్రకారం సిగ్నల్ కనబడగానే ఇద్దరం చెయ్యి చాపి దాని రంగు పైకి చెప్పుకోవాలి. కేసముద్రం దగ్గర వాడు "పచ్చ" అన్నాడు, నేను చెయ్యి చాపి "పచ్చ" అన్నాను. నేను అన్న మాట గుర్తుంది. పచ్చను చూసిన గుర్తు లేదు. నోరు కూడా చెయ్యిలాగే తయారైందా? పక్క లైన్లో ఎక్స్‌ప్రెస్ దడదడమంటూ పోయింది. కిటికీల దగ్గర మనుషులు, ఒకామె టిఫిన్ డబ్బా మూత తీస్తోంది. నేను చూడలేక తల తిప్పుకున్నాను.

కాజీపేట తిరిగి రాగానే, మా డ్రైవర్లను చూసుకునే లోకో ఇన్‌స్పెక్టర్ దగ్గరికి పోయి, నాకిప్పుడే పాసింజర్ వద్దు, గూడ్స్ మీదే ఉంటాను అని చెప్పాను. ఆయన కుర్చీ వెనక్కి వాల్చి నన్ను కింది నుంచి పై దాకా చూశాడు.

"ఎవలన్న బెదిరించిన్రా? లేకుంటే నీ వంతు ఇంకోనికి ఇచ్చుకుంటున్నవా?"

"లేదు సార్, ఇంట్ల పరేషాన్ ఉంది," అన్నాను. అసలు సంగతి నోటికి రాలేదు. ఆయన నమ్మలేదని తెలుస్తూనే ఉంది. ఆయన స్థానంలో నేనున్నా నమ్మను.

ఇంటికొచ్చి భార్యకు అంతా చెప్పాను. పెద్ద మెట్టు వదులుకున్నానని, మెచ్చుకోకపోయినా ఓదారుస్తుందని అనుకున్నాను. ఆమె నా డ్యూటీ సంచీలోంచి సామాను ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టింది. వాళ్ళమ్మకు ఏం చెప్పాలా అని ఆలోచిస్తోందనుకున్నాను.

"మంచిగనే చేసినవ్," అంది చివరికి. "మేం ఎక్కే బండి నువ్వు నడపవు, సరే. మేం ఎక్కిన బండి ఆగి ఉంటే, ఎనక నీ గూడ్స్ వస్తే? నువ్వు ఎర్ర లైటు దాటి మా లైన్లకొస్తే? గప్పుడు ఎట్ల?"

నా భయాన్ని బోగీలు మార్చి సర్దుకుంటే చాలనుకున్నాను. ఆ కిటికీ దగ్గరామె టిఫిన్ డబ్బా కళ్ళ ముందు మెదిలింది. సిగ్గేసింది, ఏడుపొచ్చింది కూడా. యూనిఫాం విప్పకుండానే వాకిట్లోకి పోయి ఇన్‌స్పెక్టర్‌కి ఫోన్ చేశాను.

"సార్, నన్ను ఏ బండీ ఎక్కియ్యకున్రి. డాక్టర్ పరీక్ష చేసేదాకా ఇంజన్ ముట్ట."

"ఏమైందయ్యా? డ్యూటీల నిద్రొస్తుందా?"

"లేదు సార్," అన్నాను. "మేలుకునే ఉంటున్న. గదే నా భయం."