గుండీలత్త తాగని నీళ్ళు

గుండీలత్తని పడేసింది ఒక చొక్కా చెయ్యి. స్టూలు మీద కూర్చుని కాజాలు కుడుతూ, దారం అయిపోతే రీలు అందుకుందామని లేచింది. ఒళ్ళో చొక్కా జారి పాదానికి చుట్టుకుంది. చప్పుడు కూడా పెద్దగా కాలేదు. పక్కగదిలో డ్యూటీకి తయారవుతున్న కోడలు, "ఏంటత్తయ్యా పడేశారు?" అని అడిగింది.

"నన్నే," అంది గుండీలత్త.

ఆ వీధిలో టైలర్లందరి చొక్కాలకీ చాలా ఏళ్ళుగా కాజాలూ గుండీలూ ఆవిడవే. కాజా మిషన్లు వచ్చాక పని సగానికి సగం పడిపోయినా, చేతికాజాయే కావాలని పట్టుబట్టే మనుషులు ఇంకా కొందరున్నారు. వాళ్ళ పుణ్యమా అని ఆవిడ మందులూ చిల్లర ఖర్చులూ వెళ్ళిపోయేవి. అందరూ గుండీలత్త, గుండీలత్త అనేవాళ్ళే. ఆస్పత్రిలో పేరు రాయించాల్సి వచ్చినప్పుడు కొడుకే ఒక్క క్షణం తడుముకున్నాడు.

తుంటి ఎముక విరిగింది. రాడ్డు వెయ్యకపోతే ఇక మంచానికే అన్నాడు డాక్టరు. ఆపరేషను ఖర్చు ఆరోగ్య కార్డు మీద వెళ్ళిపోతుందని కౌంటర్లో చెప్పగానే కొడుకు గోడకి ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. గండం గడిచిందనుకున్నాడు. ఎవరైనా అలాగే అనుకుంటారు. ఆపరేషనుకి డబ్బిచ్చి ముసలివాళ్ళని ఆదుకున్నామని చెప్పుకునే పెద్దలూ అలాగే అనుకుంటారు. రాడ్డు వేసిన మర్నాటి నుంచి ఆ మనిషిని లేపేదెవరు, కూర్చోబెట్టేదెవరు, కడిగేదెవరు అన్నది వాళ్ళ లెక్కల్లోకి ఎప్పుడూ రాదు.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరు గబగబా చెప్పుకుపోయాడు. "మధ్యమధ్యలో లేపి నడిపించండి. నీళ్ళు బాగా తాగించండి. బాత్రూంకి మాత్రం ఒంటరిగా పంపకండి. మళ్ళీ పడితే నేను కూడా ఏమీ చెయ్యలేను."

ఇవన్నీ ఎవరు చెయ్యాలో ఆయన చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ రాలేదు. నర్సు కోడలి వైపు చూసింది. ఆయా కోడలి వైపు చూసింది. కొడుకు కూడా అటే చూశాడు.

కోడలు ఒక సూపర్ మార్కెట్లో బిల్లింగ్ కౌంటర్లో పనిచేస్తుంది. కొడుకు సరుకుల వ్యాన్ తోల్తాడు. లోడు దొరికిన రోజు డబ్బు, దొరకని రోజు టీ నీళ్ళు. నెల తిరిగేసరికి ఖాయంగా వచ్చేది కోడలి జీతమొక్కటే. ఇంటద్దె కట్టేది దాంతోనే. ఆమె ముందు సెలవులన్నీ వాడేసింది. తర్వాత జీతం లేకుండా సెలవు తీసుకుంది. అత్తగారిని లేపడం, తుడవడం, మంచం మీదే బెడ్‌పాన్ పెట్టడం, వాకరు పట్టించి గుమ్మం దాకా నడిపించడం అన్నీ తానే చేసింది. డైపర్లు తెస్తే గుండీలత్త ఆ ప్యాకెట్టు తిప్పి ధర చూసింది.

"ఇందులో ఒక్కోటి ఎన్ని కాజాలో తెలుసా? కట్టుకుని పారెయ్యడానికి నేనేమైనా జమీందారునా?"

"మరి పక్క తడిస్తే దుప్పట్లు ఉతికేదెవరు, జమీందారు గారి కోడలా?"

"ఆవిడే," అంది గుండీలత్త. ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆ ఇంట్లో అప్పటికింకా నవ్వు మిగిలుంది.

ఇంటికొచ్చి చూసుకునే మనిషి కోసం ఏజెన్సీలో కనుక్కున్నాడు కొడుకు. వాళ్ళు చెప్పిన రేటుకి, కోడలు తెచ్చేదంతా ఆ మనిషి చేతిలో పెట్టి దణ్ణం పెట్టాలి. అలాగని ఆ వచ్చే మనిషికి సరిగ్గా ముడుతుందా అంటే అదీ లేదు, సగం ఏజెన్సీదే.

ఒక సాయంత్రం మేనేజరు ఫోన్ చేశాడు. కోడలు కూరగాయలు తరుగుతూ స్పీకర్లో పెట్టింది. "నాకు మీ మీద కోపం లేదమ్మా. కానీ కౌంటరు ఖాళీగా ఉంది. సోమవారం రాకపోతే వేరే అమ్మాయిని పెట్టేసుకుంటాను." మంచం మీద గుండీలత్త మొత్తం వింది.

ఆదివారం భోజనాల దగ్గర ఆవిడే కదిపింది. "రేపు నువ్వు వెళ్ళు."

"మీ సంగతో?"

"నాకేమైంది? లేచి కూర్చుంటున్నాను. మంచం కిటికీ పక్కకి జరిపారు, కాలక్షేపం అవుతుంది. మధ్యాహ్నం పక్కింటి పిన్ని వచ్చి తొంగిచూస్తానంది."

"పిన్నిగారి మోకాళ్ళే ఆవిడ మాట వినవు. మిమ్మల్ని బాత్రూంకి ఎలా తీసుకెళ్తుంది?"

"పాన్ అందిస్తుందిలే. వెళ్ళవే తల్లీ. నీ ఉద్యోగం పోతే ఈ ఇంట్లో అందరికీ తుంటి విరిగినట్టే."

కొడుకు కంచంలోంచి తలెత్తలేదు. కోడలు సోమవారం వెళ్ళింది.

పొద్దున వెళ్తూ మంచం పక్కన పెద్ద బాటిల్ నిండా నీళ్ళు పెట్టేది. సాయంత్రం వచ్చేసరికి బాటిల్ ఖాళీ. కోడలికి ప్రాణం కుదుటపడింది. అత్తగారు కాస్త నీరసంగా కనిపిస్తే, కదలక మెదలక అలా ఉందిలే అనుకుంది. ఒకరోజు మెట్లెక్కుతుంటే కింద సైకిల్ షాపతను ఆపాడు. "ఏసీ గానీ పెట్టించారా అమ్మా? రోజూ నా రేకుల మీద నీళ్ళు పడుతున్నాయి."

"ఏసీనా? మాకా?" అని నవ్వేసి పైకి వెళ్ళిపోయింది.

గుండీలత్త ఆ నీళ్ళు తాగడం లేదు. తాగితే బాత్రూం మాట వస్తుంది. ఒంటరిగా లేస్తే పడతానని భయం, పడితే కోడలి ఉద్యోగం పోతుంది. పిన్ని చేత పాన్ పెట్టించుకోవాలంటే సిగ్గు చచ్చిపోతుంది. పైగా రెండుసార్లు పిలిస్తే పిన్ని సాయంత్రం కోడలికి చెప్తుంది, కోడలు మానేస్తుంది. ఇన్ని చిక్కుల కంటే నోరు ఎండగట్టుకోవడమే తేలికనిపించింది. కోడలు వెళ్ళినప్పటి నుంచి వచ్చేదాకా పెదాలు తడుపుకోవడమే. బాటిల్ మాత్రం సాయంత్రానికి కిటికీలోంచి ఒంపేసేది.

ఒక సాయంత్రం కోడలు తలుపు తీసేసరికి గుండీలత్త మంచం మీద కూర్చుని గాల్లో సూదికి దారం ఎక్కిస్తోంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఒళ్ళు కాలిపోతోంది.

"అయిపోవచ్చిందండీ టైలరు గారూ," అంది కోడలితో. "రెండు చొక్కాలే మిగిలాయి. రేపు పొద్దున ఇచ్చేస్తాను."

ఆస్పత్రిలో డాక్టరు నాలుక చూపించమన్నాడు. అది అట్టముక్కలా ఉంది. "ఒంట్లో నీరే లేదు. మూత్రంలో ఇన్ఫెక్షను, కిడ్నీల దాకా వెళ్ళింది. నీళ్ళు తాగించమని చెప్పానా లేదా?"

"బాటిల్ రోజూ ఖాళీ అవుతోందండీ," అంది కోడలు. అంటుండగానే సైకిల్ షాపు రేకులు గుర్తొచ్చి అక్కడే బల్ల మీద కూలబడింది.

కౌంటర్లో కార్డు తిరిగిచ్చేశారు. "ఇది విరిగిన ఎముకకి మాత్రమే. జ్వరానికి రాదు."

"ఆ ఎముక వల్లే కదండీ జ్వరం?" అన్నాడు కొడుకు.

"నాకు తెలుసు బాబూ. కంప్యూటరుకి తెలీదు."

కొడుకు వ్యాన్ కాగితాలు కుదువ పెట్టాడు. గుండీలత్త బతికింది. కానీ వార్డులో పడుకున్నన్నాళ్ళూ ఉన్న కాస్త బలమూ కాళ్ళలోంచి దిగిపోయింది. అంతకు ముందు గుమ్మం దాకా నడిచిన మనిషికి ఇప్పుడు మంచం దిగడానికే ఇద్దరు కావాలి. చెయ్యి వణుకుతోంది, సూది మాట ఇక మర్చిపోవాల్సిందే. ఒక ముసలావిడ నీళ్ళు తాగకుండా ఉంటే తప్ప ఇంట్లో ఒక ఉద్యోగం నిలబడదనే స్థితికి ఆ కుటుంబాన్ని తెచ్చిందెవరు? పోనీ, పగలు నాలుగు గంటలు చెయ్యందించే మనిషిని పంపితే అయ్యే ఖర్చెంత? ఆ వార్డు బిల్లులో ఏ మూలకి? ఈ ప్రశ్న అడిగితే, పరిశీలిస్తాం అంటారు. గుండీలత్త వంటి వాళ్ళు ఎంతమందో పరిశీలన దాకా ఆగలేరు.

ఇంటికొచ్చిన మర్నాడు, డ్యూటీ టైముకి కోడలు ఇంటి బట్టల్లోనే ఉండటం గుండీలత్త చూసింది. ఈసారి మాట తెలివిగానే ఉంది.

"టైమవుతోంది. బయల్దేరవా?"

"లేదు. నా కౌంటర్లో కొత్తమ్మాయి కూర్చుంది. యూనిఫాం ఇచ్చేసి వచ్చాను."

గుండీలత్త కిటికీ వైపు తిరిగింది.

"నా మీద కోపంగా ఉందా?"

"ఉంది."

"ఉండాలి."

"నాకు చెప్పాల్సింది అత్తయ్యా."

"చెప్తే మానేసేదానివి."

నిజమే మరి. కోడలు గ్లాసుతో నీళ్ళు తెచ్చి, తాగేదాకా కదలనన్నట్టు మంచం పక్కన నిలబడింది. గుండీలత్త ఒక్క గుక్కలో తాగేసింది. గ్లాసు మళ్ళీ చాపింది. అదీ తాగి, మూతి చేత్తో తుడుచుకుంది.

కాసేపటికి, "బాత్రూంకి తీసుకెళ్ళు," అంది. ఆ మాట తనంతట తాను అడగడం అదే మొదటిసారి.

కోడలు పక్కింటి పిన్నిని కేకేసి, వాకరు దగ్గరికి జరిపి, అత్తగారి నడుం కిందకి చెయ్యి పోనిచ్చింది.

"తొందరపడకండి," అంది. "ఇప్పుడు నాకెక్కడికీ వెళ్ళే పని లేదు."