నోటికి వచ్చిన వరుసలు

లెక్కల పుస్తకంలో సిద్ధాంతానికి ఉపపత్తి చదివేటప్పుడు ఎస్తేరు తర్వాతి వరుస మీద అరచెయ్యి పెట్టేది. పేజీ అడుగుభాగం మొత్తం చేతికింద ఉండేది. పైన కనిపించే వరుస చదివి, తలెత్తి గోడవైపు చూసేది. ఇప్పుడు ఏం రావాలి? తోచింది పెదాలతో అనుకున్నాక చెయ్యి ఒక వరుస కిందికి జరిపేది. తప్పయితే మళ్ళీ మొదటికి. ఒక పేజీకి ఒక పూట పట్టేది. తరగతిలోనైనా, కుళాయి దగ్గర బిందె నిండేలోగానైనా ఇదే పద్ధతి. ఎండాకాలంలో చేతి చెమటకు అక్షరాలు అలుక్కుపోయేవి. అది కాలేజీ గ్రంథాలయం పుస్తకం. తర్వాత తీసుకున్నవాళ్ళు తిట్టుకునేవాళ్ళే, కానీ తర్వాత తీసుకున్నవాళ్ళు ఎవరూ లేరు.

"దాసిపెట్టుకున్నట్టు కూసుంటవేందే?" అనేది పక్కన కూర్చునే మెహనాజ్. మోటార్ వైండింగ్ షాపు యాసిన్ కూతురు. "కింద రాసే ఉన్నది గదా. చెయ్యి తీసి చూడు, అయిపోతది."

"చూస్తె నాకు వచ్చిందో రాలేదో ఎట్ల తెలుస్తది?"

"మార్కులు వచ్చినంక తెలుస్తది."

మార్కులు మెహనాజ్‌కే ఎక్కువ వచ్చేవి. ఆమె డాబా మీద అటూ ఇటూ నడుస్తూ మొత్తం బట్టీపట్టేది. ఎప్సిలాన్ ముందో డెల్టా ముందో ఆమెకు పట్టింపు లేదు. ఒకసారి రెండూ తారుమారు చేసి రాసినా మార్కులు తగ్గలేదని చెప్పి రోజంతా నవ్వింది.

ఎస్తేరు భూపాలపల్లిలో బొగ్గుబాయి కార్మికుల క్వార్టర్లలో పుట్టింది. తండ్రి జోసెఫ్‌ది బాయిలో పైకప్పు కూలకుండా ఆసరాలు నిలబెట్టే పని. తల్లి పెంటమ్మ పత్తి ఏరే కాలంలో ఘనపూర్ వైపు ఆటోలో కూలికి పోయేది. మిగతా కాలం ఇంట్లో ఉండి వాడకట్టు మొత్తంతో తగవు పడేది. వాళ్ళకు ఎస్తేరు ఒక్కతే బిడ్డ. ఇంటర్లో లెక్కలు బాగా వచ్చాయి కాబట్టి డిగ్రీలో లెక్కలు తీసుకుంది. అంతకుమించి కారణం లేదు. మొదటి ఏడు చేసినవి చేతిపనిలా అనిపించాయి. తర్వాత వాస్తవ విశ్లేషణ అనే పేపరు వచ్చింది.

అందులో లెక్కలు తక్కువ, వాక్యాలు ఎక్కువ. నువ్వు ఎంత చిన్న తేడా, ఎప్సిలాన్, ఇచ్చినా సరే, దానికి తగ్గ దూరం, డెల్టా, నేను చూపిస్తాను అని ఒకరు ఇంకొకరికి మాట ఇస్తున్నట్టు ఉండేది. ఇచ్చిన మాట నుంచి తప్పించుకునే దారి లేదు. అట్లాంటి మాట ఆమె ఇంట్లో వినలేదు, చర్చిలోనూ వినలేదు.

చివరి ఏడు పైస్థాయి విశ్లేషణ పేపరు తీసుకున్నవాళ్ళు ఒక్క బల్లకు సరిపోయారు. సోమయ్య సార్ చెప్పేవాడు. ఆయనది పాలకుర్తి. ఇక్కడ గది తీసుకుని గెస్టు లెక్చరర్‌గా ఉండేవాడు. వచ్చే ఏడు ఉంటాడో లేదో ఆయనకే తెలియదు. పరీక్షలో వచ్చే ప్రశ్నలకు జవాబులు డిక్టేట్ చేసేవాడు, వీళ్ళు రాసుకునేవాళ్ళు.

ఒకరోజు ఏకరూప అవిచ్ఛిన్నత సిద్ధాంతం రాయించాడు. అవిచ్ఛిన్నత అంటే గీత ఎక్కడా తెగకుండా సాగడం. ఒక్కో బిందువు దగ్గర ఒక్కో డెల్టా దొరికితే అది మామూలు అవిచ్ఛిన్నత. అన్ని బిందువులకూ ఒకే డెల్టా సరిపోతే అది ఏకరూప అవిచ్ఛిన్నత. అంతరం, అంటే సంఖ్యల గీతలో ఒక ముక్క, తన రెండు కొసలనూ కలుపుకుని ఉంటే, మొదటిది ఉన్నచోట రెండోది ఉండి తీరుతుంది. రాయడం అయ్యాక ఎస్తేరు చెయ్యెత్తింది.

"సార్, రెండు కొసలు లోపటనే ఉండాలె అని మొదాల చెప్పినం. మరి గది ఏడ వాడినం? ఇండ్ల నాకు కనపడ్తలేదు."

ఆయన చాక్‌పీసు బల్ల మీద పెట్టాడు.

"ఒక లైను ఇడిసిపెట్టిన," అన్నాడు. "ఎరుకుండే ఇడిసిపెట్టిన. అడిగెటోళ్లు లేక గది చెప్పుడు బందువెట్టి మస్తు రోజులైంది. దిద్దెటోళ్లు గూడ సూడరు."

గంట కొట్టాక మిగతావాళ్ళు వెళ్ళిపోయారు. ఆయన ఆ లైను బోర్డు మీద రాశాడు. ఆ అంతరంలో బిందువులు ఎన్ని వేస్తూ పోయినా ఎక్కడో ఒకచోట గుమిగూడక తప్పదు. కొసలు కూడా లోపలే ఉన్నాయి కాబట్టి గుమిగూడే చోటు బయటికి జారిపోదు. ఎస్తేరు కదలకుండా చూసింది. కొస తీసేస్తే ఆ చోటు ఎట్లా జారిపోతుందో కూడా ఆమెకు కనిపించింది.

"పీజీ ఎంట్రన్స్ రాయి," అన్నాడు సార్ చేతులు దులుపుకుంటూ. "హన్మకొండల సీటు వస్తది. గీ సబ్జెక్టు ఇడిసిపెట్టకు."

అంతవరకు ఎవరూ ఆమెకు ఏదీ విడిచిపెట్టవద్దని చెప్పలేదు.

ఆ చలికాలమే జోసెఫ్ గడప తట్టుకుని పడ్డాడు. తర్వాత గ్లాసు పక్కన నీళ్ళు పోశాడు. పెంటమ్మ తాగి వచ్చాడనుకుని అరిచింది. హన్మకొండలో కంటి డాక్టరు చూసి, నరం ఎండిపోతోంది, మందు లేదు, ముందు చీకట్లో చూపు పోతుంది, తర్వాత వెలుతురులోనూ పోతుంది అన్నాడు. జోసెఫ్ పని అంతా చీకట్లోనే.

బాయిలో పనిచేసే అందరికీ కొన్నేళ్ళకోసారి వైద్యపరీక్ష ఉండేది. కళ్ళు సరిగా లేవంటే కింది పని తీసేసి పైన ఊడ్చే పనికి వేసేవాళ్ళు. అందుకని పాతవాళ్ళు కొత్తవాళ్ళకు దవాఖాన గోడ మీద చూపు పరీక్షకు పెట్టిన అక్షరాల అట్టను నేర్పేవాళ్ళు. అట్ట ఎప్పుడూ అదే. ట. గ ప. న ల ద. షిఫ్టుకు దిగుతూ దాన్ని పాటలాగా అనుకునేవాళ్ళు. జోసెఫ్‌కు అదే షిఫ్టులో పనిచేసే పెద్దవాడు భద్రయ్య నేర్పాడు. చూపు బాగున్న రోజుల్లోనే నేర్చుకున్నాడు, ముందుజాగ్రత్తగా. గడ్డం గీసుకుంటూ అనుకునేవాడు, బిడ్డను భుజాన వేసుకుని నిద్రపుచ్చుతూ అనుకునేవాడు. ఎస్తేరుకు బడి అక్షరాల కంటే ముందు వచ్చినవి అవే.

ఇప్పుడు సంగతి తలకిందులైంది. సర్వీసు ఇంకా మిగిలి ఉండగానే కార్మికుణ్ణి పనికి తగడని అన్‌ఫిట్ చేస్తే, ఇంట్లో ఒకరికి నౌకరి ఇస్తారు. ఈ ఇంట్లో ఆ ఒకరు ఎస్తేరే. జోసెఫ్ దానికి దరఖాస్తు పెట్టాడు. నౌకరి వస్తే ఎస్తేరు వెంటనే చేరాలి, ఎక్కడికి వేస్తే అక్కడికి పోవాలి. చదువు అక్కడితో ఆగిపోతుంది. కానీ వాడకట్టులో ఎవరూ దాన్ని అట్లా చూడలేదు. పక్కింటివాళ్ళు ముందే మిఠాయి అడిగారు. ఆదివారం చర్చిలో పాస్టరు జోసెఫ్ కళ్ళ కోసం గట్టిగా ప్రార్థన ఎత్తుకున్నాడు. పెంటమ్మ కూతురి చెవిలో గొణిగింది.

"ఆయనను జర తక్కువ చెయ్యమను బిడ్డా. పరీక్షకు ముందుగాల నయమైతె ఎట్ల?"

ఎస్తేరు నవ్వింది. తర్వాత నవ్వినందుకు పెదవి కొరుక్కుంది.

కాలేజీ మెట్ల మీద మెహనాజ్ చెప్పింది. "నీ నౌకరి ముచ్చట ఇని మా అబ్బా ఏమన్నడో ఎరికేనా? జోసెఫ్‌ది కిస్మత్ అన్నడు."

"కండ్లు పోవుడు కిస్మతా?"

"అరె, ఈడ గట్లనే అంటరు గదనే."

"మెహనాజ్, నాకా నౌకరి వద్దు."

మెహనాజ్ మెట్ల మీద చుట్టూ చూసింది. "ఎవలకన్న చెప్పినవా?"

"నీకే."

"నాకు గూడ చెప్పనట్టే ఉండు," అంది మెహనాజ్.

వైద్యపరీక్షనాడు తండ్రిని ఎస్తేరే తీసుకుపోయింది. దవాఖాన వరండాలో కుర్చీలు నిండి ఉన్నాయి. అందరూ కనపడదనో, నడవలేమనో, ఊపిరాడదనో చెప్పడానికి వచ్చినవాళ్ళు. అందులో నటించేవాళ్ళను పట్టుకోవడం లోపలి డాక్టరు పని. కనపడుతుందని నటించేవాడు కూడా ఆ గదికి వస్తాడని ఎవరూ అనుకోరు.

జోసెఫ్ పేరు పిలిచారు. తలుపు ఓరగా ఉంది. లోపలినుంచి "చదవండి" అన్న మాట వినిపించింది.

ఆ తర్వాత, ట, అన్నాడు జోసెఫ్. గ ప. న ల ద. గొంతు ఎక్కడా తడబడలేదు. చిన్నప్పుడు ఆయన భుజం మీద విన్న అదే వేగం, వరుస చివర అదే చిన్న ఊపు. చ వ ర మ. ఎస్తేరు లేచి నిలబడింది. ఆపమని లోపలికి పోయి చెప్పవచ్చు. పోలేదు. వరుసలు ఒకదాని వెంట ఒకటి వచ్చి చివరిది కూడా అయిపోయింది.

ఆమె ఒంట్లో ఏదో వదులైంది. హన్మకొండ, అనుకుంది. అది సంతోషమని గుర్తుపట్టడానికి కొంతసేపు పట్టింది. గుర్తుపట్టాక మళ్ళీ కూర్చుంది.

జోసెఫ్ బయటికి వచ్చి తలుపుచెక్క తడుముకుంటూ నిలబడ్డాడు. బిడ్డ ఎటువైపు ఉందో అతనికి తెలియలేదు.

ఇంటికి వచ్చాక పెంటమ్మ కొంగు నడుముకు చుట్టుకుంది.

"కనపడనోనివి కనపడ్తలేదని చెప్పరాలేదా? ఉన్నదే చెప్పుమన్న గదయ్యా. అబద్ధం చెప్పుమన్ననా?"

"నేను సదవలేదే," అన్నాడు జోసెఫ్. "అట్ట ముందల నిలవెట్టి సదువుమన్నడు. నోరు సదివింది. ఆఖరి వరుస అయినంక నాకు సమజైంది."

"అప్పుడన్న చెప్పకపోయినవా?"

"చెప్పిన. డాక్టరు నవ్విండు. అడుగు దాక సదివి కనపడ్తలేదంటవా పెద్దమనిషీ, అన్నడు."

పెంటమ్మకు కూడా నవ్వు వచ్చింది. నవ్వు ఆగకముందే గోడకు ఆనుకుని ఏడ్చింది.

సాయంత్రం భద్రయ్య వచ్చాడు. ఎల్లుండి నుంచి జోసెఫ్‌కు మొదటి షిఫ్టు అని చెప్పాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"అట్ట సంగతి బయటవెట్టకుండ్రి. ఎరుకైతె అట్ట మారుస్తరు. నా అసుంటోళ్లు బాయిల ఎంతమంది ఉన్నరో తెల్సా? అందర్ని ఆపుతరు. జర ఆగి మళ్ల దరఖాస్తు పెట్టుకో తమ్మీ."

"అందాక?" అంది ఎస్తేరు.

"అందాక నేను చెయ్యి పట్టుకోని తీస్కపోత బిడ్డా."

"పైకప్పు చప్పుడైతె అందరు ఉరుకుతరు గదా పెద్దబాపూ. అప్పుడు ఎవల చెయ్యి ఎవలు పట్టుకుంటరు?"

బాయిలో పైకప్పు కిందికి దిగేముందు చిన్నగా పగులుతున్న చప్పుడు చేస్తుంది. విన్నవాడు వెలుతురు ఉన్నవైపు ఉరకాలి. జోసెఫ్‌కు తలమీద దీపం పెట్టుకున్నా ఇప్పుడు ఆ వెలుతురు చేతి పొడవు మించి కనిపించడం లేదు. ఆ గదిలో ఉన్న నలుగురికీ ఆ సంగతి తెలుసు. భద్రయ్య టీ తాగకుండానే వెళ్ళిపోయాడు.

జోసెఫ్ మంచం కింద చేత్తో వెతికి బూట్లు బయటికి తీశాడు. రెండూ ఒకే కాలివి కావు కదా అని వేళ్ళతో చూసుకున్నాడు.

"బిడ్డా, నీ పరీక్ష ఎప్పుడు?"

"వచ్చే నెల బాపు."

"మంచిగ సదువుకో. నేనింక కొన్నొద్దులు జేస్త. ఒకందుకు గిది గూడ మంచిదే ఆయె."

అతను ఏడవలేదు, ఆమె మీద జాలి కోసం అనలేదు. వంటింట్లో అన్నం ఉడుకుతున్నదా అని అడిగినట్టు మామూలుగా అన్నాడు. ఎస్తేరు పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది గానీ తెరవలేదు. తను వరండాలో లేచి నిలబడి మళ్ళీ కూర్చున్న సంగతి ఆయనకు తెలియదు. చెప్పినా ఏమనడు. అదే ఆమెకు భరించరాని సంగతి.

మర్నాడు పొద్దున ఎస్తేరు ఒక్కతే దవాఖానకు నడిచింది. అటెండరు వరండా ఊడుస్తున్నాడు. డాక్టరు వచ్చి తాళం తీసేదాకా తలుపు పక్కన నిలబడింది.

"నిన్నటి జోసెఫ్ బిడ్డవు కదా," అన్నాడు డాక్టరు. "మళ్ళీ ఏమైంది?"

"మా బాపుకు కండ్లు కనపడయి సార్. నిన్న ఆయన అట్ట చూసి సదవలేదు. గది ఆయనకు నోటికి వచ్చు."

"అట్లా అని ఇంట్లో చెప్పమన్నారా?"

"చెప్పొద్దన్నరు," అంది.

డాక్టరు ఆమెను పైనుంచి కిందిదాకా చూశాడు. తండ్రి నౌకరి కోసం వచ్చే పిల్లలను ఆయన చాలామందిని చూశాడు. "అన్‌ఫిట్ అయితే నౌకరి నీకేనా రావాల్సింది?"

"అవును సార్."

ఆయన ఏమనుకున్నాడో ఆయన ముఖంలోనే కనిపించింది. ఆమె దానికి వేరే జవాబు ఇవ్వలేదు. అట్ట వైపు వీపు తిప్పి, వాకిట్లోకి చూస్తూ, మొదటి అక్షరం నుంచి మొదలుపెట్టింది. ట. గ ప. న ల ద. ఎక్కడా ఆగకుండా అడుగు వరుస దాకా చెప్పింది. ఊడ్చేవాడు చీపురు ఆపి విన్నాడు.

డాక్టరు గోడ మీది అట్ట వంక చూశాడు. అటెండరును పిలిచి, స్టోరు గదిలో వేరే అట్ట ఉందేమో వెతకమన్నాడు.

ఎస్తేరు బాపును తీసుకురావడానికి ఇంటికి నడిచింది.